సిలువ నాటకంలో యేసుకు పౌడరు, సైనికులకు మసి: ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది?

ప్రశ్న: పల్లె యువజనుడు (టంగుటూరు దగ్గర)

పెద్దలందరికీ వందనాలు.

మా పల్లెలోని (ఊరి బయట ఉన్న మా దళితవాడలోని) బాప్టిస్టు సంఘంలో గుడ్ ఫ్రైడే రాత్రి సిలువ నాటకం వేయడం మా తాతల నాటినుంచి వస్తున్న అలవాటు. పగలు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతాయి; పొద్దుగూకిన తరువాత గుడి ముందున్న ఖాళీ స్థలంలో యువజనులం నాటకం ఆడతాము. ఈ ఏడాది యేసు పాత్రకు మేము ఎంచుకొన్న తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. గొంతు బాగుంటుంది. పట్టుబడక ముందు యేసు గెత్సేమనే తోటలో చేసిన ప్రార్థనను అతడు చెబుతూ ఉంటే, ఊరికే చూద్దామని వచ్చి కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకొన్నారు. అయితే అతడు బాగా నలుపు.

సంఘపెద్దలలో ఇద్దరు, "పిల్లవాడు మంచివాడే గాని ప్రభువులాగా కనపడడు" అన్నారు. మరొకరు, పాత్రను అతనికే ఉంచి ముఖానికి, చేతులకు, ఛాతీకి తెల్లగా మేకప్పు వేస్తే సరిపోతుందని మధ్యేమార్గం చెప్పారు. ఇంటికి వచ్చి గడచిన సంవత్సరాల ఫోటోలు తీసి చూశాను. యేసు వేషం కట్టినవారంతా పల్లెలో ఎర్రగా ఉన్న పిల్లలే. సైనికులుగా మాత్రం నల్లనివారిని ఏరుకోవడమే కాకుండా, వారికి కట్టెబొగ్గు మసి కూడా పూశాము. ఒక సంవత్సరం కొరడా పట్టిన సైనికుణ్ణి నేనే. నాకు మసి అక్కరలేదని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కొరడా మా తాత చేతితో కుట్టినది. ఆయన జీవితమంతా తోలుపని చేసినవాడు. ఫోటోలో కొరడా చక్కగా కనపడుతున్నది, నా ముఖం కనపడడం లేదు.

పెద్దలతో తగవు పెట్టుకోవాలని నాకు లేదు. వాక్యమూ చరిత్రా తెలుసుకొని మర్యాదగా మాట్లాడాలని ఉన్నది. తెల్లటి యేసు మన గోడల మీదికి ఎలా వచ్చాడు? సిలువ శ్రమను చూపించే చోట ఒంటి రంగు ఇంత ముఖ్యం ఎందుకు అవుతున్నది? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు (ఒంగోలు)

బాబూ, ముందు వాక్యంతోనే మొదలుపెట్టు, ఎందుకంటే మీ పెద్దలు దాన్ని కాదనలేరు. నాలుగు సువార్తలలోనూ యేసు ఎత్తు ఎంత, రంగు ఏమిటి, జుట్టు ఎలాంటిది అన్న మాటే లేదు. రూపం గురించి సంఘం ఏదైనా ఒక వచనాన్ని ఆయనకు అన్వయించి చదువుతున్నదంటే అది యెషయా 53వ అధ్యాయంలోనిది: "అతనికి సురూపమైనను సొగసైనను లేదు." గుడ్ ఫ్రైడే పగలు ఆ అధ్యాయం చదవని సంఘం మన జిల్లాలో ఉండదనుకొంటాను. సొగసు లేదని పగలు చదివి, సొగసు కోసం రాత్రి పౌడరు అద్దడం ఎలా పొసుగుతుందో వారినే అడుగు.

యేసు గలిలయలో పెరిగిన యూదుడు, మొదటి శతాబ్దపు పశ్చిమాసియా మనిషి. 2001లో బ్రిటన్ నిపుణుడు రిచర్డ్ నీవ్, ఆ కాలపు యూదుని పుర్రె ఒకటి ఆధారంగా బిబిసి కోసం ఒక ముఖాన్ని తయారుచేశాడు: వెడల్పు ముఖం, పొట్టి ఉంగరాల జుట్టు, ముదురు చాయ. అది యేసు ముఖం అని ఎవరూ అనలేదు. ఆ నేలమీది మనుషులు సుమారుగా ఎలా ఉండేవారో అది చూపుతుంది, అంతే. కాబట్టి మీ తమ్ముడు "ప్రభువులాగా కనపడడు" అన్నప్పుడు పెద్దల మనసులో ఉన్న పోలిక ప్రభువుతో కాదు, ఒక అచ్చు బొమ్మతో.

ఇక సిలువ. మనం దాన్ని మెడలో వేసుకొనే ఆభరణంగా చూసి చూసి, అది ఎవరికి వేసే శిక్షో మరచిపోయాము. రోమా పౌరునికి సాధారణంగా ఆ శిక్ష ఉండేది కాదు. అది బానిసలకు, తిరుగుబాటుదారులకు, లెక్కలోకి రాని మనుషులకు. క్రీస్తుకు పూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచివేసిన తరువాత, పట్టుబడిన 6,000 మంది బానిసలను కాపువా నుంచి రోమ్ వరకు దారి పొడవునా సిలువ వేశారు. చావు ఒక్కటే దాని ఉద్దేశం కాదు. బట్టలు ఒలిచి, వచ్చేపోయేవారు చూసేలా, ఊరి బయట నిలబెట్టడం దాని ఉద్దేశం. హెబ్రీ పత్రిక ఈ సంగతిని ఒక్క మాటలో చెప్పింది: ఆయన "గవిని వెలుపట", అంటే ఊరి ద్వారం బయట, శ్రమపొందెను. ఊరి గవిని వెలుపల బ్రతకడం అంటే ఏమిటో పల్లెవారికి వ్యాఖ్యానం చెప్పవలసిన పని లేదు. ఆ వచనాన్ని మన నేలమీద నిలబడి చదివితే, సిలువ పాతింది పల్లె వైపునే గాని ఊరి వైపున కాదు.

మన సంఘాల పుట్టుకలోనే ఈ మాట ఉన్నది. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన తొలి రోజులలో, తోలు వ్యాపారం చేస్తూ తిరిగిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. మాదిగలను చేర్చుకొంటే మేము రాము అని పై కులాలవారు చెప్పినప్పుడు, దొరా దొరసానీ వేరువేరు గదులలో ఉండి, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనపడిందని మిషను చరిత్రలు చెబుతాయి: "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అన్న భాగం. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం చేరారన్న నింద రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గిన తరువాత, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అంటే ఇక్కడ సంఘం నిలబడింది తోలుపని చేసిన చేతుల మీద. మీ తాతగారి కొరడా విషయం చదివినప్పుడు నాకు పేరయ్యే గుర్తుకు వచ్చాడు. ఆ చేతులవారి ఇళ్లలోకి వచ్చిన బొమ్మలో మాత్రం దొరగారి పోలిక ఉన్నది. దొరలు చెడ్డవారని నేను అనడం లేదు. ఎవరి దేవుణ్ణి వారు తమలాగే గీసుకొంటారు. ఇథియోపియా క్రైస్తవులు ఇథియోపియన్లలాగే గీసుకొన్నారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పాలించినవారి బొమ్మ పాలనతోబాటు ప్రయాణం చేసి, అందమూ పవిత్రతా ఆ రంగుదే అన్న భావాన్ని వెంట తెచ్చింది.

దీని మీద బాగా లోతుగా ఆలోచించినవారు అమెరికాలోని నల్లజాతి క్రైస్తవులు. జేమ్స్ కోన్ అనే వేదాంతి 2011లో వెలువరించిన గ్రంథంలో, గుంపులు చెట్లకు వ్రేలాడదీసి చంపిన నల్లవారిని సిలువ పక్కన పెట్టి చూశాడు. అపొస్తలుల కార్యములలో పేతురు యేసును "మ్రానున వ్రేలాడవేసి" చంపారని అన్న మాటను తలచుకో. ప్రతి ఆదివారం సిలువ గురించి ప్రసంగించిన తెల్ల బోధకులకు పక్క తోపులోని చెట్టు ఎందుకు కనపడలేదు అన్నదే ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న మనకూ తగులుతుంది. 1985 జూలై 17న, అప్పటి మన జిల్లాలోని కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర మొదలైన మాట పట్టింపుకు ఆరుగురు మాదిగలను చంపారు. ప్రాణాలు దక్కినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. ఆ తరువాత వచ్చిన గుడ్ ఫ్రైడేలలో ఎన్ని పల్పిట్ల మీద సిలువకూ ఆ ఊరికీ సంబంధం చెప్పారో నా చెవులకు తెలుసు. చాలా తక్కువ.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. అమెరికాలో రంగు ఏ పని చేసిందో ఇక్కడ కులం ఆ పని చేసింది గాని, రంగూ కులమూ ఒకటి కావు. నల్లని కరణాలూ ఉన్నారు, ఎర్రని మాదిగలూ ఉన్నారు. కులానికి జాతిభేదం మూలం కాదని అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో వాదించాడు. కాబట్టి "నలుపు మనది, తెలుపు వారిది" అన్న వాదంలోకి జారకు. నీ ఫోటోలలో ఎర్రగా ఉన్న పిల్లలు కూడా పల్లె పిల్లలే కదా.

జవాబు: ఒక విశ్వాసి (సింగరాయకొండ)

ఈ చర్చ నాకు నచ్చలేదు. క్రీస్తులో "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు" అని పౌలు గారు స్పష్టంగా రాశారు. దేవుడు ఆత్మ, ఆత్మకు రంగు లేదు. సిలువ దగ్గర నా పాపం కనపడాలి గాని రంగులు, కులాలు, పాత గాయాలు కాదు. నాటకం చూసి ఒక ఆత్మ రక్షించబడితే చాలు, వేషం ఎవరు వేస్తే ఏమి?

జవాబు: బోర్డు పెయింటరు (కావలి)

సింగరాయకొండ అన్నగారూ, వేషం ఎవరు వేసినా ఒకటే అయితే నల్లని పిల్లవాడు వేసినా ఒకటే కదా. ఆ మాట పెద్దలకు చెప్పవలసింది, అడిగిన పిల్లవాడికి కాదు.

నేను ముప్పై ఏళ్లుగా అంగళ్ల బోర్డులతోబాటు గుడి గోడల మీద బొమ్మలు కూడా గీస్తున్నాను. మా పనిలో "స్కిన్ కలర్" అంటే ఒకటే లెక్క: తెలుపు డబ్బాలో చెంచాడు ఎరుపు, చెంచాడు పసుపు. ఎవరి స్కిన్ అని మేము అడగము. బొమ్మ కావాలని వచ్చేవారు చేతిలో ఒక క్యాలెండరు పట్టుకొని వస్తారు. దాదాపు అన్నిటి వెనుకా ఒకే పోలిక ఉంటుంది: తేనె రంగు జుట్టు, పైకి చూసే లేత కళ్లు. 1940లో వార్నర్ సాల్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు గీసిన యేసు ముఖం కోట్ల ప్రతులుగా అచ్చయి ప్రపంచమంతా పాకింది. మన క్యాలెండర్లలో కొన్నిటికి తల్లి అదే.

ఒకసారి, పేరు అనవసరం, ఒక సంఘంవారి గోడమీద ప్రభువును చామనచాయలో గీశాను. బుగ్గలు కొంచెం లోపలికి, మోచేతుల దగ్గర నరాలు తేలి, ఎండలో పనిచేసినవాడిలాగా. కమిటీలో ఒకాయన చూసి, "ఇదేమి, పొగాకు బ్యారనులో మండ వేసేవాడిలాగా ఉన్నాడే" అన్నాడు. "ఇతడు వడ్లవాని కుమారుడు కాడా" అని వాక్యంలోనే ఉన్నది కదయ్యా అన్నాను. వినలేదు. రెండు రోజులు కూర్చుని పైన తెలుపు వేసి, మళ్లీ గీశాను. డబ్బులు ఇచ్చారు లెండి. అయితే ఆ గోడకు ఇప్పుడు పెచ్చులు లేస్తున్నాయి; తెలుపు కింద నుంచి మొదటి ముఖం అక్కడక్కడా కనపడుతున్నదని మొన్న ఒకరు చెప్పారు.

అధ్యాపకులవారు చరిత్ర చెప్పారు గనుక నేను బొమ్మల సంగతే చెబుతాను. సిలువ బొమ్మలలో మనకు దొరికినవాటిలో అతి పాతదని చాలామంది చెప్పేది భక్తితో గీసింది కాదు. రోమ్‌లో పాలటైన్ గుట్టమీద ఒక గోడకు గీకిన గీత అది: సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యి ఎత్తి నిలబడిన ఒకడు, పక్కన "అలెక్సామెనోస్ తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు" అని వెక్కిరింపు రాత. సుమారు 200 నాటిదని అంటారు. మొదట గీసినవాడు మనవాడు కాదు, మనలను ఎగతాళి చేసినవాడు. క్రైస్తవులు చాలా కాలం సిలువమీద దేహాన్ని గీయడానికే జంకారు. రోమ్‌లో సాంటా సబీనా గుడి చెక్క తలుపు మీద అది బాహాటంగా కనపడేసరికి అయిదో శతాబ్దం వచ్చింది.

నన్ను అన్నిటికంటే కదిలించింది మాత్రం జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ బొమ్మ. 1512, 1516 మధ్య, ఈసెన్‌హైం అనే చోట రోగులను చూసే మఠం కోసం గీశాడు. అక్కడికి వచ్చేవారిలో బూజు పట్టిన ధాన్యం తిని ఒళ్లు మండి, చేతులూ కాళ్లూ కుళ్లిపోయే జబ్బువారు ఉండేవారు. ఆయన యేసు ఒంటికి వారి ఒంటినే ఇచ్చాడు: పచ్చగా తిరిగిన చర్మం, ఒళ్లంతా పుండ్లు, కొంకర్లు తిరిగిన వేళ్లు. అదీ ఐరోపా బొమ్మే. చూసే రోగికి, ఈయన నా మంచం మీదివాడు అనిపించేలా గీశాడు. మన దేశంలో, గోవాలో పుట్టిన చిత్రకారుడు సౌజా 1959లో గీసిన సిలువ బొమ్మలో యేసు నల్లగా, ముళ్లు తేలినట్లుగా, చూస్తే ఒళ్లు జలదరించేలా ఉంటాడు. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియంవారి దగ్గర ఉన్నది.

ఇంకొక మాట. "నల్లనివాడు పద్మనయనంబులవాడు" అని పోతన్న రాస్తే చప్పట్లు కొట్టే తెలుగువాళ్లం మనం. అయితే ఆ నల్లనివాణ్ణి కూడా క్యాలెండరులో నీలం చేసేశాము. జబ్బు ఒక్క మతానిది కాదు.

జవాబు: ఉపదేశి (నెల్లూరు)

తమ్ముడూ, నేను ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) సంఘానికి చెందినదాన్ని. మీ గుడిలో సిలువ ఖాళీగా ఉంటుంది, మా దేవాలయంలో దేహంతో ఉంటుంది. ఒట్టి మ్రానుకు రంగు చిక్కు లేదు. దేహం వచ్చిన మరుక్షణం ఎవరి దేహం అన్న ప్రశ్న వస్తుంది. మీ నాటకం ఏడాదికి ఒక రాత్రి ఆ ప్రశ్నను మీ గుడి ముందుకు తెస్తున్నది. గ్వాటెమాలాలోని ఎస్కిపులాస్ అనే ఊరిలో 16వ శతాబ్దం చివర చెక్కిన సిలువ ప్రతిమను "నల్ల క్రీస్తు" అంటారు. కొవ్వొత్తుల పొగకు నల్లబడిందని చెబుతారు. అక్కడి మాయా సంతతివారు ఆ నలుపును కడిగివేయమని అనలేదు, ఆ నలుపు కోసమే నడచి వెళుతున్నారు.

అయితే అందరూ యేసు పౌడరు గురించే మాట్లాడారు గాని, సైనికుల మసి గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే పెద్ద సంగతిగా తోచింది. బాధపడేవాణ్ణి తెల్లగా చేయడం ఒక తప్పు. బాధపెట్టేవాణ్ణి నల్లగా చేయడం ఇంకా పాతదీ, ఇంకా ప్రమాదకరమైనదీ అయిన తప్పు. మధ్యయుగాల ఐరోపా బొమ్మలలో యేసు ముఖం ప్రశాంతంగా, లేతగా ఉంటే, కొరడా పట్టినవారి ముఖాలు వంకర ముక్కులతో, వికారంగా, ముదురు రంగులో ఉండేవి. అవి యూదుల ముఖాలని చూసేవారికి అర్థమయ్యేలా గీశారు. యేసూ యూదుడే, మరియమ్మా యూదురాలే; వారిని మాత్రం యూదులుగా గీయలేదు. ఆ బొమ్మలు, ఆ నాటకాలు చూసి గుడ్ ఫ్రైడే రోజున జనం యూదుల వాడల మీద పడిన సందర్భాలు ఉన్నాయి. జర్మనీలో ఓబరామ్మర్‌గావ్ అనే పల్లెవారు ప్లేగు కాలపు మొక్కుబడిగా 1634 నుంచి శ్రమల నాటకం ఆడుతున్నారు. 1934లో దాన్ని చూసి హిట్లరు మెచ్చుకొన్నాడు. ఎందుకు మెచ్చుకొన్నాడో వేరే చెప్పనక్కరలేదు. ఆ పల్లెవారే తరువాతి కాలంలో ఆ నాటకంలో చాలా భాగం తిరగరాసుకొన్నారు. మా సభ కూడా 1965లో, వాటికన్ మహాసభ ప్రకటనలో, యేసు మరణ నేరాన్ని యూదులందరి మీద మోపరాదని చెప్పింది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

షగాల్ అనే యూదు చిత్రకారుడు 1938లో, యూదుల ఇళ్లూ ప్రార్థనామందిరాలూ తగలబడుతున్న ఆ సంవత్సరంలో, ఒక తెల్లని సిలువ బొమ్మ గీశాడు. అందులో యేసు నడుముకు చుట్టింది యూదులు ప్రార్థనలో కప్పుకొనే శాలువా. చుట్టూ పరుగెత్తుతున్నవారు ఆయన సొంత జనం.

ఇక మీ నాటకానికి వద్దాము. యేసు సిలువ మోసిన దారిని స్థలాలుగా విడదీసి ధ్యానించే మా సిలువమార్గంలో అయిదో స్థలం కురేనీయుడైన సీమోనుది. కురేనే ఆఫ్రికా ఉత్తర తీరంలో, ఇప్పటి లిబియాలో ఉండేది. పొలంనుంచి వస్తున్నవాణ్ణి పట్టుకొని, అతని ఇష్టం అడగకుండా సిలువ మోయించారు. కూలి లేని వెట్టి అది. ఆ పాత్రకు మాట ఒక్కటీ ఉండదు గాని, పల్లెలో అందరికీ అర్థమయ్యే పాత్ర అదే. దాన్ని రెండు నిమిషాలలో దాటించకండి. మరొకటి: సిలువ పాదం దగ్గర "ఈ మనుష్యుడు నిజముగా దేవుని కుమారుడే" అన్నది ఎవరు? శతాధిపతి, ఆ రోమా సైనికుల అధికారి. మీరు మసి పూసినవాడు. శిష్యులు పారిపోయిన వేళ ఆ మాట పలికిన ముఖానికి మసి పూసి, ఆ మాట ఎలా పలికిస్తున్నారో ఇన్నేళ్లుగా, నాకు అర్థం కాలేదు.

ప్రశ్న అడిగినవారు: పల్లె యువజనుడు

అందరికీ వందనాలు. అక్కా, మీరు అన్న శతాధిపతి సంగతి చదివి నేను చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కొరడా పట్టిన సంవత్సరం ఆ మాట పలికింది కూడా నేనే. మసి లేకుండానే.

నిన్న ఆరాధన తరువాత పెద్దలతో కూర్చున్నాము. యెషయా వచనాన్ని నేను చదవలేదు. అందరికంటే పెద్దాయన చేతికి బైబిలు ఇచ్చి ఆయననే చదవమన్నాను. చదివి, కళ్లద్దాలు తీసి, కాసేపు ఊరుకొన్నారు. మసి సంగతి మాత్రం ఎవరూ వాదించలేదు. అది ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ గుర్తు లేదు. పౌడరు వద్దన్నారు. విగ్గు మాత్రం ఉండాలన్నారు. ఒంగోలులో డ్రామా సామాన్లు అద్దెకిచ్చే అంగడినుంచి ఏటా తెచ్చే గోధుమరంగు విగ్గు అది, దాని దగ్గర ఒక్కరూ మెట్టు దిగలేదు. కారంచేడు ప్రస్తావన నేను తేలేదు. ధైర్యం చాలలేదు అధ్యాపకులవారూ, క్షమించండి.

పాత్ర వేసే తమ్ముడికి ఈ సంగతి చెబితే అతడు అడిగిన ప్రశ్న వేరు. "అన్నా, మరి నా ఒంటిమీద రక్తం కనపడుతుందా?" నిజమే. రిహార్సలులో ఎర్ర రంగు పూసి చూశాము. ట్యూబులైటు కింద వెనుక కూర్చున్నవారికి ఏమీ కనపడడం లేదు. ఇన్నాళ్లూ తెల్లటి ఒంటికి సరిపోయే లెక్కలోనే రంగు కలుపుకొన్నాము. కావలి అన్నగారూ, దీనికి ఏమి చేయాలి?

జవాబు: బోర్డు పెయింటరు (కావలి)

నల్లని ఒంటిమీద రక్తం ఎరుపుతో కనపడదు తమ్ముడూ, తడితో కనపడుతుంది. దెబ్బ తిన్న నల్లని వీపును ఎప్పుడైనా చూసి ఉంటే, అక్కడ మెరిసేది ఏమిటో నీకే తెలుస్తుంది. పొడి రంగు పూయకండి. బెల్లాన్ని చిక్కటి పాకం పట్టి, చల్లారిన తరువాత మిఠాయిలలో వేసే ఎర్ర రంగు కలపండి. కొరడా చారలు వచ్చే చోట ముందు కొంచెం కొబ్బరినూనె రాసి, దాని మీద పాకాన్ని వేలితో గీతలుగా లాగి, కిందికి కారనివ్వండి. పైనున్న ట్యూబులైటు ఆర్పివేసి, ఒక పక్కనుంచి, నడుము ఎత్తులో, పసుపు బల్బు ఒక్కటి పెట్టండి. అప్పుడు ప్రతి చారా చివరి వరుసకు కూడా కనపడుతుంది. నాటకం అయిన వెంటనే గోరువెచ్చని నీళ్లతో కడిగించండి, లేకపోతే చీమలు పడతాయి. విగ్గు సంగతి వచ్చే ఏడాది చూద్దాము.